గాలి లేని రోజు కదలాల్సింది నీళ్ళు, స్పిన్నర్ రెక్కలు కాదు

బాతుల వేట సీజన్ దగ్గరపడితే చాలు, ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు: "నా స్ప్రెడ్‌లో కదలిక చాలడం లేదు, ఏం కొనమంటారు?" స్ప్రెడ్ అంటే పక్షులను రప్పించడానికి నీళ్ళ మీద పరిచే బొమ్మ బాతుల (డెకాయ్‌ల) గుంపు. వెంటనే పది మంది దిగుతారు. స్పిన్నర్ (మోటారుతో రెక్కలు గిరగిరా తిరిగే బొమ్మ బాతు) కొను, ఒకటి చాలకపోతే రెండు కొను, రిమోట్ ఉన్నదైతే ఇంకా మంచిది. ఇవి చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. స్పిన్నర్ పనికిరాదని కాదు, పనిచేస్తుంది, దాని సంగతికి తర్వాత వస్తాను. కానీ అడిగిన మనిషి బాధ రెక్కల గురించి కాదు. అతని డెకాయ్‌ల చుట్టూ నీళ్ళు కదలడం లేదు. అది చెప్పేవాడు ఒక్కడూ కనిపించడు.

అసలు నీళ్ళ మీద దిగిన మలార్డ్‌ల (ఒక రకం అడవి బాతుల) గుంపును ఎప్పుడైనా తీరిగ్గా గమనించారా? ఒక్క క్షణం ఊరికే ఉండవు. ఒకటి తల ముంచి తోక పైకెత్తి అడుగున గింజలు వెతుకుతుంటుంది, ఇంకొకటి ఈకలు సర్దుకుంటూ ఒళ్ళు విదిలిస్తుంది, ఒక మగబాతు పక్కదాన్ని రెండు బారలు తరిమి మళ్ళీ వెనక్కొస్తుంది. ఈ అలికిడికంతా లేచిన అలలు ఒకదాని మీదుగా ఒకటి దాటుకుంటూ చాలా దూరం పోతాయి. పైన తిరిగే పక్షికి ఆ కదిలే మెరుపు చాలా దూరం నుంచే కనిపిస్తుంది, మనం వేలు పోసి కొన్న డెకాయ్‌ల మీది రంగులు అంత దూరానికి ఆనవు. గాలి వీస్తుంటే ఈ పని గాలే చేసిపెడుతుంది. గాలి పడిపోయిన ఉదయం చూడండి, మూడు డజన్ల డెకాయ్‌లు పెట్టినవి పెట్టినట్టే బిగుసుకుపోయి ఉంటాయి, నీళ్ళ మీద చిన్న గీత కూడా ఉండదు. పక్షులు వస్తాయి, ఒక చుట్టు తిరుగుతాయి, రెండో చుట్టు ఇంకాస్త ఎత్తులో తిరుగుతాయి, ఆపైన వాటి దారిన అవి పోతాయి. అప్పుడేమో కాల్ (బాతు అరుపు తెప్పించే పీక) సరిగ్గా ఊదలేదని పక్కవాడి మీద పడతాం.

ఇది ఈనాటి సమస్య కాదు. నెవాడాలోని లవ్‌లాక్ గుహలో 1924లో జరిగిన తవ్వకాల్లో 11 బొమ్మ బాతులు దొరికాయి, తుంగతో కట్టి, కొన్నిటికి కాన్వాస్‌బ్యాక్ బాతుల్లాగా రంగు వేసి ఈకలు గుచ్చినవి. వాటి వయసు సుమారు 2,000 ఏళ్ళు. అంటే పోలిక తెప్పించడం మనిషికి అప్పుడే బాగా వచ్చు. కదలిక కావాలనుకున్నవాళ్ళు తర్వాతి కాలంలో ఏకంగా బతికున్న బాతులనే కట్టి నీళ్ళలో వదిలేవాళ్ళు, అవి ఈదేవి, అరిచేవి, నీళ్ళు చల్లేవి. 1935లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, నిషేధించాల్సిందే కూడా. ఆ రోజు నుంచి స్ప్రెడ్‌లో ప్రాణం ఉన్నదంటూ ఏదీ లేదు, ఆ కదలికను వేటగాడు తన చేత్తో తేవాల్సిందే.

దానికి జెర్క్ కార్డ్‌ను, అంటే డెకాయ్‌లను చేత్తో లాగి కదిలించే తాడును, మించింది నేను చూడలేదు. ఖర్చు దాదాపు లేదు. నీళ్ళలో దూరంగా ఒక ఇనుప చువ్వ దిగ్గొట్టండి, బురద మెత్తగా ఉంటే బరువైన లంగరు వేయండి. దానికి మూడు నాలుగు అడుగుల సాగే బంగీ తాడు, బంగీ చివర నుంచి బ్లైండ్ (మనం దాక్కునే చాటు) దాకా ముదురు రంగు సన్నని తాడు. బంగీకి దగ్గర్లో, తాడుకు అటొకటి ఇటొకటిగా మూడో నాలుగో డెకాయ్‌లు, ఒక్కోటీ పొట్టి తాడుతో, మెలిపడకుండా తిరిగే క్లిప్‌తో. లాగితే ముందుకొస్తాయి, వదిలితే బంగీ వెనక్కి లాక్కుంటుంది. అంతే సరంజామా. తాడు నీళ్ళకు ఆనుకుని తక్కువ ఎత్తులో రావాలి, బ్లైండ్ ముందు గాల్లో వేలాడుతూ మెరవకూడదు.

ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూసుకోవాలి. బాతులు దిగడానికి మనం ఖాళీగా వదిలిన చోటు మధ్యలో పెట్టేవాళ్ళున్నారు, దానివల్ల దిగే చోటే మూసుకుపోతుంది. ఆ ఖాళీకి గాలి వచ్చే వైపు అంచున పెట్టండి. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది కాబట్టి అప్పుడు దాని కళ్ళ ముందే అలలు లేస్తుంటాయి, దిగే చోటు మాత్రం తెరిచి ఉంటుంది.

ఇంక లాగడం. చాలామంది అక్కడే చెడగొడతారు. తాడు చేతికొచ్చింది కదా అని ఆపకుండా ఒకే వేగంతో గుంజుతూనే ఉంటారు. బాతు అలా కదలదు. రెండు చిన్న కుదుపులు, వదిలెయ్యడం, కాసేపు ఆగడం, మళ్ళీ ఒక పెద్ద కుదుపు. డెకాయ్ ముక్కు కిందికి వంగి లేచి పక్కకు తిరిగితే సరిగ్గా లాగినట్టు. గడ్డకట్టే చలిలో అయితే ఇంకా సున్నితంగా లాగాలి. గట్టిగా గుంజితే ఎగిరిన చుక్కలు పక్క డెకాయ్‌ల వీపు మీద పడి అక్కడికక్కడే తెల్లటి పెచ్చులుగా పేరుకుంటాయి. వీపు నిండా మంచు పెచ్చులున్న బాతును ఏ పక్షి నమ్ముతుంది? అప్పుడప్పుడూ వెళ్ళి చేత్తో తుడవక తప్పదు.

అసలు కిటుకంతా ఎప్పుడు ఆపాలన్నదే. పక్షులు పక్కవాటుగా తిరుగుతున్నప్పుడో, తోకలు మనవైపు పెట్టి వెళ్ళిపోతున్నప్పుడో లాగండి. మలుపు తిరిగి ముక్కులు మనవైపు పెట్టి రెక్కలు బిగించాయా, చెయ్యి ఆపెయ్యండి. మీ చెయ్యి ఆగినా నీళ్ళు ఆగవు, అప్పటికే లేచిన అల ఇంకా పాకుతూనే ఉంటుంది, ఆ కొన్ని సెకన్లకు అది చాలు. ఇంత పట్టు ఏ మోటారు ఇస్తుంది చెప్పండి! ఏ పక్షి ఎటు చూస్తోందో మోటారుకు తెలియదు, తాడు పట్టుకున్న మనిషికి తెలుసు.

స్పిన్నర్ సంగతి. 1990ల చివర్లో కాలిఫోర్నియాలో మొదలై దేశమంతా పాకింది. మలార్డ్ రెక్క పైభాగం ముదురు, అడుగుభాగం తెలుపు. రెక్క ఆడించినప్పుడల్లా ఆ తెలుపు తళుక్కుమంటుంది, స్పిన్నర్ దాన్నే అనుకరిస్తుంది. కిలోమీటర్ దూరంలో పోయే గుంపును తిప్పే శక్తి దానికుంది, కాదనను. మిన్నెసోటాలో 2002లో పరిశోధకులు దీన్ని పరీక్షించారు. స్పిన్నర్ తిరుగుతున్నప్పుడు మలార్డ్ గుంపులు వేటగాళ్ళకు 40 మీటర్ల లోపలికి రావడం దాదాపు 3 రెట్లు పెరిగింది, చిక్కిన పక్షులు దాదాపు 4.7 రెట్లు. కానీ అది ఉత్తరాన, వలస దారి మొదట్లో. ఆ ఏడాదే పుట్టి ఇంకా స్పిన్నర్ ముఖం చూడని కుర్ర బాతులు అక్కడ ఎక్కువ. అవే పక్షులు డిసెంబరులో ఆర్కాన్సా, లూసియానా చేరేసరికి దారి పొడవునా ప్రతి చెరువు మీదా అదే తెల్లటి మెరుపు, దాని వెంటే తుపాకీ చప్పుడు. వాటికి తెలివి రాదా? సీజన్ చివర్లో బాగానే దిగుతున్న గుంపు స్పిన్నర్ కనబడగానే పక్కకు కొట్టుకుని లేచిపోవడం దక్షిణాన వేటాడేవాళ్ళందరికీ అనుభవమే. అయినా మూడు స్పిన్నర్లు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆపకుండా తిప్పుతూ, పక్షులు లేవని వాపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. మీ దగ్గర ఉంటే వాడండి, కానీ దిగే చోటుకు పక్కగా పెట్టండి, దూరపు గుంపును తిప్పడానికి వాడి, అది దగ్గరికి రాగానే రిమోట్‌తో ఆపండి. చలికి బ్యాటరీ తొందరగా పడిపోతుందని కూడా గుర్తుంచుకోండి.

కొనే ముందు రూల్స్ చదవండి దయచేసి. కాలిఫోర్నియాలో మోటారుతో రెక్కలు తిరిగే డెకాయ్‌లను సీజన్ మొదటి నుంచి నవంబరు 30 దాకా పెట్టకూడదు. కొన్ని రాష్ట్రాలు బ్యాటరీతో నడిచే డెకాయ్‌లను మొత్తానికే నిషేధించిన సందర్భాలూ ఉన్నాయి. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, కొన్నిచోట్ల ప్రభుత్వ భూముల్లో వేరే, అవి మారుతుంటాయి కూడా, కాబట్టి ఈ ఏడాది నిబంధనల పుస్తకమే చూడాలి. చేత్తో లాగే తాడుకు బ్యాటరీ లేదు, దాని జోలికి ఈ నిషేధాలు రావు.

ఆర్కాన్సాలో నీళ్ళు నిండిన అడవుల్లో వేటాడేవాళ్ళను చూడండి. చెట్టుకు ఆనుకుని నిలబడి, ముఖం దించుకుని, బూటు కాలితో నీళ్ళు తంతారు. కొమ్మల సందుల్లోంచి చూసే మలార్డ్‌కు ఆ అల చాలు. పైసా ఖర్చు లేదు, పెద్ద వయసు వేటగాళ్ళు ఇప్పటికీ అదే చేస్తారు.

"ఒక్కడినే వెళ్తాను, కాల్ ఊదాలా, తుపాకీ పట్టుకోవాలా, తాడు లాగాలా?" అంటారు కొందరు. తాడు చివర ఒక వదులు లూప్ వేసి బూటు ముందుభాగానికి తగిలించండి, కూర్చునే ఉండి కాలితో లాగండి, రెండు చేతులూ ఖాళీ. ఒక్క జాగ్రత్త మాత్రం ఎప్పుడూ మరవద్దు. లేచే ముందు కాలు లూప్‌లోంచి తీసెయ్యాలి, బురదలో లోడ్ చేసిన తుపాకీతో, తాడు చుట్టుకున్న కాలితో అడుగు వెయ్యకూడదు. కుక్కను పంపేటప్పుడూ అంతే, తాడును వదులు చేసి నీళ్ళ అడుగుకు దిగనివ్వండి, బిగుతుగా ఉంటే దాని కాళ్ళకు తగులుకుంటుంది.