ఉచిత ట్రక్ శిక్షణ కాగితం మీద సంతకం పెట్టే ముందు

అమెరికాలో భారీ ట్రక్ నడపడానికి కావలసిన కమర్షియల్ లైసెన్సును, అంటే అందరూ సీడీఎల్ అని పిలిచే దానిని, చేతి డబ్బు పైసా పెట్టకుండా సంపాదించవచ్చని చెప్పే ప్రకటనలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఆ మాటలో అబద్ధం లేదు. నేను అలాగే సంపాదించాను. ఆ తరువాత పద్దెనిమిది నెలల పాటు దానికి వాయిదాలు కట్టాను.

నాకు శిక్షణ ఇచ్చింది ఒక రవాణా కంపెనీ. బస, శిక్షణ, పరీక్షకు ట్రక్, అన్నీ వాళ్ళవే. అందుకు బదులుగా లైసెన్సు వచ్చిన నాటి నుంచి ఏడాది పాటు వాళ్ళ దగ్గరే పనిచేస్తానని ఒప్పుకున్నాను. ఏడో నెలలో ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగుండక, వారాల తరబడి రోడ్డు మీద ఉండలేక మానుకున్నప్పుడు, అప్పటికి పనిచేసిన ఆరు నెలలను లెక్కలోకే తీసుకోకుండా శిక్షణ ఖర్చు ఆరు వేల డాలర్లూ కట్టమని ఉత్తరం వచ్చింది. ఆ షరతు నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. చదవకపోవడం నా తప్పే. అయితే నేను ఉన్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో అదే శిక్షణ నాలుగున్నర వేలకు దొరికేదనీ, గోదాములో ఉద్యోగం పోగొట్టుకుని ఉన్న నాకు ఆ నాలుగున్నర వేలు కూడా ప్రభుత్వ నిధి నుంచి వచ్చే వీలు ఉండేదనీ తరువాత తెలిసినప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ నిధి సంగతి ప్రకటనలలో ఎవరూ చెప్పరు కాబట్టి ముందు దానినే చెబుతాను. 2014లో వచ్చిన వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ చట్టం కింద, ఉద్యోగం పోయినవారికీ తక్కువ ఆదాయం ఉన్నవారికీ కొత్త పని నేర్చుకోవడానికి అయ్యే ఫీజును స్థానిక వర్క్‌ఫోర్స్ బోర్డులు చెల్లిస్తాయి. దరఖాస్తు చేయవలసింది అమెరికన్ జాబ్ సెంటర్లలో. ఇవి దేశమంతటా రెండు వేలకు పైగా ఉన్నాయి. ఇది అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు, ఫలానా కంపెనీలోనే పనిచేయాలన్న కట్టుబాటూ లేదు. ట్రక్ డ్రైవింగును గిరాకీ ఉన్న వృత్తిగా గుర్తించిన ప్రాంతాలు చాలా ఉన్నాయి. అయితే డబ్బు మీ చేతికి రాదు. రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న పాఠశాలకు నేరుగా వెళుతుంది. ఎంత వరకు ఇస్తారన్నది ఆయా బోర్డుల ఇష్టం. పని చేసే అనుమతి ఉన్నదని కాగితాలు చూపాలి, వయసును బట్టి పురుషులు సెలెక్టివ్ సర్వీసులో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ప్రభుత్వం ఉంచే జాబితాలో, నమోదై ఉండాలి, కౌన్సెలరుతో ఒకటి రెండు సార్లు కూర్చోవాలి, కొన్ని వారాలు ఆగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది వరుస. మంజూరు రాకముందే పాఠశాలలో చేరి ఫీజు కట్టేస్తే, ఆ డబ్బు వెనక్కి ఇప్పించమని తరువాత వెళ్ళినా సాధారణంగా ప్రయోజనం ఉండదు. నా తరువాత ఈ దారిలో వెళ్ళిన ఇద్దరు సరిగ్గా ఇక్కడే దెబ్బతిన్నారు. సీటు అయిపోతుందని పాఠశాల వాళ్ళు తొందరపెట్టారు, వీళ్ళు కార్డు గీకారు, ఆ మరుసటి వారం జాబ్ సెంటర్‌కు వెళితే ఆలస్యమైపోయిందన్నారు. పాఠశాల తొందరపెట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు. పనిలో పనిగా, మీ పేరు ఆ నిధిలో పరిశీలనలో ఉందా అని ఒక్క మాట అడిగి ఉంటే వాళ్ళ సొమ్మేమీ పోయేది కాదు.

ఆ మంజూరు కోసం ఎదురుచూసే వారాలలో చేతి ఖర్చు పెద్దగా లేకుండా చేసుకోగల పనులు రెండు ఉన్నాయి. మొదటిది డీఓటీ, అంటే కేంద్ర రవాణా శాఖ, ట్రక్ డ్రైవర్ల నుంచి కోరే వైద్య పరీక్ష. రక్తపోటు, చూపు, చక్కెర వ్యాధి వంటి కారణాలతో ఇక్కడే ఆగిపోయేవారు ఉంటారు కాబట్టి వేల డాలర్ల ఫీజు కంటే ముందు ఈ సంగతి తేల్చుకోవడం మంచిది. రెండవది లెర్నర్ పర్మిట్, అంటే నేర్చుకునే రోజులలో బండి నడపడానికి ఇచ్చే అనుమతి. దానికి కావలసిన పుస్తకం, అంటే రాష్ట్రం వేసిన సీడీఎల్ మాన్యువల్, ఉచితంగా దొరుకుతుంది. సాధారణ పరిజ్ఞానం, ఎయిర్ బ్రేకులు, జంట వాహనాలు అనే మూడు భాగాలు చదివితే క్లాస్ ఏ, అంటే భారీ ట్రైలరును లాగే ట్రక్కుల లైసెన్సు, రాత పరీక్షకు సరిపోతుంది. నూటికి ఎనభై మార్కులు రావాలి. పర్మిట్ చేతికి వచ్చాక పద్నాలుగు రోజులు గడిస్తే గాని డ్రైవింగ్ పరీక్షకు కూర్చోనివ్వరు. పాఠశాలలో చేరాక పర్మిట్ తీసుకునేవారు ఈ గడువు పూర్తయ్యే దాకా అక్కడి బస ఖర్చు మోస్తూ కూర్చుంటారు.

ఆ మాన్యువల్ పర్మిట్‌తోనే పక్కన పెట్టేసే పుస్తకం కాదు. డ్రైవింగ్ పరీక్షలో మొదటి భాగం బండి తనిఖీ. అందులో ఎయిర్ బ్రేకుల పరీక్ష తప్పితే ఆ రోజుకు అక్కడితో సరి, మళ్ళీ తేదీ, చాలా చోట్ల మళ్ళీ ఫీజు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. డ్యాష్‌బోర్డు మీద పసుపు నాబ్ ట్రాక్టరు, అంటే ట్రైలరును లాగే ముందు బండి, పార్కింగ్ బ్రేకుది, ఎనిమిది మూలల ఎర్ర నాబ్ ట్రైలరుకు గాలి పంపేది. ఇంజను ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, రెండు నాబులూ లోపలికి నొక్కి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని ఒక నిమిషం గాలి ఒత్తిడి చూపే ముల్లును చూస్తూ ఉండాలి. ట్రాక్టరు ట్రైలరు కలిసిన బండిలో గాలి ఒత్తిడి నాలుగు పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కంటే ఎక్కువ పడిపోకూడదు. ఆ తరువాత బ్రేకును తొక్కుతూ వదులుతూ ఉంటే ముందు హెచ్చరిక బజరు మోగుతుంది, ఇంకా తొక్కితే ఇరవై, నలభై ఐదు పీఎస్‌ఐల మధ్య ఎక్కడో ఆ రెండు నాబులూ టప్‌మని బయటకు దూకుతాయి. ఇదంతా నోటితో చెబుతూ చేయాలి. ట్రక్ లేకుండా, వంటింటి కుర్చీలో కూర్చుని, గోడకు అంటించిన బొమ్మ చూస్తూ దీనిని బట్టీ పట్టవచ్చు. నేను రెండో ప్రయత్నానికి అలాగే పట్టాను.

ఇంట్లో కుర్చీలో నేర్చుకోలేనిది ట్రైలరును వెనక్కి నడపడం. పాఠశాల ఎంపిక దీని మీదే ఆధారపడాలి. 2022 ఫిబ్రవరి 7 నుంచి, మొదటిసారి క్లాస్ ఏ గాని, భారీ ట్రైలరు లేని పెద్ద బస్సులకూ ట్రక్కులకూ సరిపోయే క్లాస్ బీ గాని తీసుకునేవారు కేంద్ర రవాణా శాఖ విభాగమైన ఎఫ్‌ఎంసీఎస్‌ఏ ఉంచే శిక్షణ సంస్థల రిజిస్ట్రీలో ఉన్న సంస్థలో శిక్షణ పూర్తి చేయాలనే నిబంధన ఉంది. పాఠాల భాగాన్ని వేరే సంస్థలో ఆన్‌లైన్‌లో చవకగా పూర్తి చేసుకోవచ్చు. కానీ స్టీరింగు వెనక ఇన్ని గంటలు గడపాలని ఆ నిబంధన ఎక్కడా చెప్పదు; నేర్చుకున్నాడని శిక్షకుడు ధ్రువీకరిస్తే చాలు. నా దృష్టిలో ఇది పెద్ద లోపం, చవక పాఠశాలలు బతుకుతున్నది దీని మీదే. ఒక ట్రక్కుకు నలుగురు విద్యార్థులను కేటాయించి, ఒకడు స్టీరింగు పట్టుకుంటే ముగ్గురు ఎండలో నిలబడి చూసే చోట నూట అరవై గంటల కోర్సు అంటే మీ వంతుకు వచ్చేది అందులో నాలుగో వంతో, అంతకంటే తక్కువో. ఫీజు ఎంత అని కాదు, నా చేతిలో స్టీరింగు ఎన్ని గంటలు ఉంటుంది, పరీక్ష తప్పితే మళ్ళీ ట్రక్ ఇవ్వడానికి ఎంత తీసుకుంటారు అని అడగండి. 2025 డిసెంబరులో దాదాపు మూడు వేల సంస్థలను రిజిస్ట్రీ నుంచి తొలగిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి, నిరుటి స్నేహితుడి మాట మీద కాక, డబ్బు కట్టే రోజున రిజిస్ట్రీలో పేరు ఉన్నదో లేదో చూసుకోండి. పరీక్షకు ఆటోమేటిక్ ట్రక్ ఇస్తారా, గేర్ల ట్రక్ ఇస్తారా అన్నది కూడా అడగండి. ఆటోమేటిక్‌లో పాసైతే గేర్ల బండి నడపరాదని లైసెన్సు మీద వేస్తారు, అది తీయించుకోవాలంటే మళ్ళీ పరీక్ష.

ప్రభుత్వ నిధికి అర్హత లేనివారికి, కంపెనీ షరతులు వద్దనుకునేవారికి నేను ఎక్కువగా చెప్పేది క్లాస్ బీ దారి. స్కూలు బస్సులకు డ్రైవర్లు దొరకని విద్యా డిస్ట్రిక్టులు, చెత్త బండ్లు, మంచు తొలగించే బండ్లు నడిపించే నగర, కౌంటీ కార్యాలయాలు చాలా చోట్ల ఉద్యోగంలో పెట్టుకుని శిక్షణ కూడా ఇస్తాయి. రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. క్లాస్ ఏకు మారాలంటే మళ్ళీ శిక్షణ కావాలన్న మాట నిజమే, కానీ అప్పటికి చేతిలో జీతం ఉంటుంది. సైన్యంలో భారీ బండ్లు నడిపినవారి సంగతి వేరు. రెండేళ్ళ అనుభవం ఉండి, బయటకు వచ్చి ఏడాది దాటకపోతే డ్రైవింగ్ పరీక్షనే మినహాయించే వీలు ఉంది.

పెల్ గ్రాంట్, అంటే తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థుల చదువుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సాయం, గురించి అడిగేవారు ఎక్కువవుతున్నారు. నాలుగు వారాల ట్రక్ కోర్సు పాత నిబంధనలకు చిన్నదైపోయేది. 2025 చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి నూట యాభై గంటల పైబడిన చిన్న కోర్సులకూ పెల్ వర్తిస్తుంది, కానీ కోర్సు కనీసం ఎనిమిది వారాలు సాగాలి, రాష్ట్రం ఆమోదించాలి. అందువల్ల సాయంత్రాలూ వారాంతాలూ సాగే కమ్యూనిటీ కాలేజీ కోర్సులకే దీనితో పని పడే అవకాశం ఎక్కువ.

గ్రీన్ కార్డు లేకుండా వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి ఒక మాట. అటువంటివారికి ఇచ్చే సీడీఎల్ మీద 2025 సెప్టెంబరులో రవాణా శాఖ గట్టి ఆంక్షలు పెట్టింది, వ్యవహారం కోర్టులకు కూడా వెళ్ళింది. మీ రాష్ట్ర లైసెన్సు కార్యాలయం నుంచి స్పష్టమైన జవాబు వచ్చే వరకు ఏ పాఠశాలకూ అడ్వాన్సు కట్టకండి.

ఇన్ని చెప్పాక కూడా కంపెనీ శిక్షణే గతి అయినవారు ఉంటారు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పనిచేసిన నెలలకు తగ్గట్టు బాకీ తగ్గుతుందా, వాళ్ళే తీసేస్తే ఎవరు కట్టాలి, ఆ బాకీని వారం వారం జీతంలోంచి కోస్తారా అన్న మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద చూపించమనండి. ఫోనులో రిక్రూటరు చెప్పిన తియ్యని మాట ఆ కాగితంలో ఉండదు.

మా బావమరిదికి పోయిన నెలలో ఉద్యోగం పోయింది. వైద్య పరీక్ష అయింది, పర్మిట్ వచ్చింది, జాబ్ సెంటర్‌లో ఫైలు కదులుతోంది. ఈ ఏడాది నిధులు అయిపోవచ్చాయనీ, జూలై ఒకటిన కొత్త సంవత్సరం డబ్బు వస్తుందనీ కౌన్సెలరు చెప్పిందట. ఈలోగా ఒక కంపెనీ రిక్రూటరు రోజూ ఫోను చేస్తున్నాడు. మావాడు ఎత్తడం లేదు. వంటింట్లో కుర్చీ వేసుకుని ఎర్ర నాబ్, పసుపు నాబ్ అని వల్లె వేసుకుంటున్నాడు.