తుమ్ముల కాంటా

మా బావ వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు, అంటే రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాడు. మిర్చిలో ముప్పై ఏళ్ల అనుభవం. మొన్న మార్చిలో ఆయన ఒక శాస్త్రీయ పరిశోధన పూర్తి చేశాడు. అంశం: ఫ్లూ టీకా జనాన్ని ఏ మేరకు కాపాడుతుంది? పాల్గొన్నవారు: ఆయన. పరికరం: ఆయన ముక్కు. స్థలం: మిర్చి యార్డు.

ఫలితం కూడా ఆయన నోటనే వినండి. "రెండు వేలు మన్నుల పోసిన బామ్మర్దీ. సూదేసుకున్న తెల్లారే నలభై తుమ్ములు తుమ్మిన."

సీజన్లో ఎనుమాముల యార్డు చూసినవాళ్లకు ఇక నేను చెప్పాల్సిందేమీ లేదు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా. గేటు దాటగానే కళ్లు మండుతాయి. పది అడుగులు వేసేసరికి గొంతు పట్టేస్తుంది. హమాలీలు మూతికి తువ్వాల బిగించుకుని బస్తాలు దింపుతుంటారు. బాగా కారమున్న తేజ రకం బస్తా ఒక్కటి జారి పిగిలిందా, ఆ వరుసలో ఉన్న రైతులు, కాంటా వేసే దడువాయిలు, చాయ్ అమ్మే పిల్లగాడు అంతా ఒక్కసారే తుమ్ముతారు. అటుగా పోయే కుక్క కూడా తుమ్ముతుంది. ఆ కుక్క ఫ్లూ టీకా వేసుకుందో లేదో బావ కనుక్కోలేదు. పరిశోధనలో నాకు కనిపించిన లోపం అదొక్కటే.

మిగతాదంతా పకడ్బందీగా చేశాడు. పొద్దున ఏడు గంటలకు యార్డులో దిగి, తుమ్మినప్పుడల్లా ఒక పాత తక్‌పట్టీ (రైతుకు రాసిచ్చే అమ్మకం చీటీ) వెనకాల నిలువు గీత గీశాడు. ఐదో తుమ్ముకు అడ్డగీత. బస్తాలు లెక్కపెట్టేదీ అలాగే కదా, అలవాటైన చెయ్యి. ఆ కాగితం నేను కళ్లారా చూశాను. ఎనిమిది కట్టలు, మొత్తం 40. పక్కనే ఇంకో లెక్క ఉంది. భోజనం తర్వాత చపాటా కాయ పోసిన వైపు కూర్చున్నాడట, అక్కడ మూడే తుమ్ములు. మన చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ అని వరంగల్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. శాస్త్రానికి అవన్నీ పట్టవు. 40 ఎక్కడ, 3 ఎక్కడ! కాబట్టి ఫ్లూ టీకా చపాటా మీద 92 శాతం పని చేసింది, తేజ మీద చేతులెత్తేసింది. చపాటాకు ఈ మధ్యే భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే ఊపులో బావ ముక్కుకు కూడా ఇప్పిస్తే బాగుంటుందని నా మనవి.

సాయంత్రానికి ఈ ఫలితం యార్డంతా పాకింది. ఖరీదుదారులు ఒప్పుకున్నారు, గుమాస్తాలు ఒప్పుకున్నారు. ఒక హమాలీ పెద్దాయన మాత్రం "సూది నిన్ననే గద సేటూ" అని నసిగాడు. ఆయన చెప్పింది నిజమే. టీకా వేసుకున్నాక ఒంట్లో రక్షణ తయారు కావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అయినా ముప్పై ఏళ్ల అనుభవం ముందు హమాలీ మాటకు విలువేముంది? ఆయన మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

ఇక పాపం ప్రపంచ ఆరోగ్య సంస్థ. 1952 నుంచి ఫ్లూ వైరస్‌ల మీద నిఘాకు దేశదేశాల ల్యాబులతో ఒక వలయం నడుపుతోంది. ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో భూగోళం పై సగానికి, సెప్టెంబర్లో కింది సగానికి, రాబోయే సీజన్ టీకాలో ఏ వైరస్‌లు పెట్టాలో కూర్చుని తేలుస్తుంది. అంత ఖర్చెందుకు? ఆ పెద్దలు కాజీపేటలో రైలు దిగి, ఆటోలో ఎనుమాములకు వచ్చి, ఒక పూట తుమ్మిపోతే సరిపోయేది.

నాకు మంట పుట్టించేది బావ అమాయకత్వం కాదు. ఆయన అమాయకుడు కాడు. రైతు బస్తా విప్పితే పైన కనిపించే కాయను ఆయన చూడనే చూడడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు లాగుతాడు. తొడిమ విరిచి తేమ చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంతుందో వేరు చేస్తాడు. ఒక్క కాయ చూసి బస్తాకు రేటు కట్టేవాడిని యార్డులో ఎవడూ పక్కన కూర్చోనివ్వడు. అదే మనిషి కోట్ల మంది వేసుకునే టీకాకు తన ఒక్క ముక్కు చూసి రేటు కట్టేశాడు.

నిజానికి ఈ శాస్త్రం ఆయనకు అర్థమైనంత సులువుగా ఇంకెవరికీ అర్థం కాదు. ఆయన రోజూ చూసే జెండా పాటే తీసుకోండి. పొద్దున అన్నిటికన్నా మేలైన సరుకు ముందు నిలబడి ఆ రోజు పెద్ద రేటు పాడతారు. మర్నాడు పేపర్లో వచ్చేది అదే. సాయంత్రం రైతు తక్‌పట్టీలో రాసేది వేరే రేటు. టీకా కంపెనీ జాగ్రత్తగా మనుషుల్ని ఎంచుకుని, ట్రయల్ చేసి చూపించే అంకె జెండా పాట లాంటిది. ఆ టీకా ఊళ్లోకొచ్చాక షుగరున్నోళ్లకు, ముసలోళ్లకు, ఆ ఏడు తిరుగుతున్న వైరస్ ముందు ఎంత కాపాడిందన్నది తక్‌పట్టీ. జనానికి కావాల్సింది తక్‌పట్టీ.

దాన్ని రాసే పద్ధతి కూడా ఉంది. దగ్గు, జ్వరంతో ఆస్పత్రికి వచ్చినవాళ్లందరి ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తారు. లెక్క కోసం అనుకోండి: 125 మందికి ఫ్లూ అని తేలింది, వాళ్లలో టీకా వేసుకున్నవాళ్లు 25, వేసుకోనివాళ్లు 100. అంటే ఒకరికి నలుగురు. ఇంకో 150 మందికి జ్వరమే గానీ ఫ్లూ కాదు, వేరే వైరస్. వాళ్లలో వేసుకున్నవాళ్లు 50, వేసుకోనివాళ్లు 100. ఒకరికి ఇద్దరు. ఫ్లూ గుంపులో వేసుకోనివాళ్లతో పోలిస్తే టీకా వేసుకున్నవాళ్ల పాలు సగానికి పడిపోయింది. అంటే టీకా 50 శాతం కాపాడింది. మూడో తరగతి భాగహారం.

ఫ్లూ కానివాళ్లతో పనేంటని బావ అడిగాడు. వాళ్లు లేకపోతే అసలు లెక్కే లేదు. టీకా వేసుకునేదెవరు? వడ్డెపల్లి చెరువు కట్ట మీద తెల్లవారుజామున చేతులూపుకుంటూ నడిచి, ఇంటికెళ్లి రాగిజావ తాగే రిటైర్డ్ సారు. డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేసి మరీ వేయించుకోమంటాడు. దమ్ము రోగంతో, ఆయాసంతో మంచం దిగలేని మనిషికి టీకా సంగతి చెప్పేవాడే ఉండడు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చావులు లెక్కేస్తే టీకా అమృతమై కూర్చుంటుంది. 2006లో సియాటిల్ పరిశోధకులు 65 దాటినవాళ్ల రికార్డులు తిరగేసి దీన్నే పట్టుకున్నారు. ఫ్లూ సీజన్ మొదలు కాకముందే టీకా వేసుకున్నవాళ్లలో చావులు బాగా తక్కువ! రాని ఫ్లూ నుంచి కాపాడిన టీకా అన్నమాట. అందుకే ఆస్పత్రి గడప దాకా వచ్చినవాళ్లనే ఒకరితో ఒకరిని పోల్చే పద్ధతి పట్టుకున్నారు. అందులోనూ లొసుగులు లేకపోలేదు. అయినా తుమ్ముల కన్నా వెయ్యి రెట్లు నయం.

అమెరికావాళ్లు 2004-05 నుంచి ఏటా ఈ అంకె కట్టి బయట పెడుతున్నారు. 2010-11లో 60 శాతం. 2014-15లో వైరస్ వేషం మార్చేసరికి 19 శాతం. పరువు పోతుందని దాచుకోలేదు. ఆ 19 చూపిస్తే బావ ఎగిరి గంతేశాడు. "ఇగో, నూటికి ఎనభై ఒక్క మందికి ఫ్లూ వచ్చిందన్నట్టే!" కాదు బావా. టీకా లేకుంటే వంద మందికి రావాల్సిన చోట ఎనభై ఒక్కరికి వచ్చిందని దాని అర్థం. బావ వినలేదు. తేజ రేటు వంద పెరిగితే ఎన్ని బస్తాలకు ఎంత లాభమో నిద్రలో చెప్పే మనిషికి శాతాలు రావంటే నేను నమ్మను.

సరే, ఆయన ముక్కుతో కొలిచాడు. మనం దేనితో కొలుస్తున్నాం?

మూడేళ్ల కింద ఆగస్టులో, పరకాల దగ్గరి పల్లెలో మా చిన్నమ్మకు జ్వరం వచ్చింది. ఎప్పటినుంచో దమ్ము మనిషి. ఊళ్లో డాక్టర్ సెలైన్ ఎక్కించి, ఆంటిబయాటిక్ పొడిచాడు. మూడో రోజు హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తెచ్చాం. డెంగీ చూశారు, టైఫాయిడ్ చూశారు, మలేరియా చూశారు, ఛాతీ స్కాన్ తీశారు. మూడు పేజీల బిల్లులో దూదికి కూడా లైనుంది. ఫ్లూ పరీక్ష లేదు. అడిగితే, "వైరలే సార్, ఏ వైరసైతే ఏంది, ట్రీట్‌మెంట్ ఒకటే" అన్నారు. ఒకటి కాదు. ఒసెల్టామివిర్ అని ఫ్లూకు మందుంది. మొదటి రెండు రోజుల్లో పడితే ఎక్కువ పని చేస్తుంది. ఆరో రోజు ఆమె పోయింది. కాగితం మీద కారణం: గుండె, శ్వాస ఆగిపోవడం. అరే, ఎవరు చస్తే ఆగదు? మిర్చి ధర ఎందుకు పడిందని అడిగితే, పడింది కాబట్టి పడిందని చెప్పినట్టుంది. ఆమెది ఫ్లూనా కాదా అన్నది ఏ రికార్డులోనూ లేదు. ఇట్లాంటి వాళ్లు ఎవరి లెక్కలోకీ రారు. లెక్కలోకి రాని చావుకు టీకా ఎవడు వేస్తాడు? మన దగ్గర ఫ్లూ ఎక్కువగా పెరిగేదే వానాకాలంలో. సర్కారు ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల జాబితాలో ఫ్లూ టీకాకు చోటే లేదు. వేస్తే ఎంతమంది బతుకుతారో చెప్పాలంటే ముందు పుల్ల ముక్కులోకి వెళ్లాలి. పుల్ల లేదనకండి. కొవిడ్ కాలంలో మన కాకతీయ మెడికల్ కాలేజీలోనే పరీక్షలు చేశారు. బస్టాండ్లలో కూడా నిలబెట్టి ముక్కులు పొడిచారు. ఇప్పుడు ఆ చేతులకు ఏమైంది?

చిన్నమ్మ బావకు కూడా అత్తే. ఆ బిల్లు కట్టింది ఆయనే.

మొన్న వానల్లో బావకు జ్వరమొచ్చింది, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు. ఈసారైనా పుల్లతో కొలుద్దామని లాక్కుపోయాను. కలెక్షన్ సెంటర్‌లో పిల్లగాడు కంప్యూటర్‌లో కిందికీ మీదికీ వెతికి, "ఫ్లూ టెస్టా? అది ప్యాకేజీలో రాదు సార్. ఫుల్ బాడీ చెకప్ ఆఫర్‌లో ఉంది" అన్నాడు. ఆఫర్ అనే మాట చెవిన పడ్డాక అడ్తిదారు ఆగుతాడా? చెయ్యి చాపి నాలుగు సీసాల రక్తం ఇచ్చాడు.

రిపోర్టులో విటమిన్ డి తక్కువని వచ్చింది. ఫ్లూ సూది వల్లే తగ్గిందని యార్డులో చెప్తున్నాడట.