జీవామృతం పారిస్తే వైరస్ పోతుందా?

చిత్తూరు జిల్లా పలమనేరు, వి.కోట వైపు రైతుల వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఎకరాకు రెండు ట్రాక్టర్ల పచ్చి పేడ, పది బస్తాల వేప పిండి వేసి జీవామృతం పారించండి. టమోటాకు ఏ తెగులూ రాదు. ఎండు తెగులు వచ్చినా వారంలో పోతుంది. ఆకుముడత వైరస్‌కూ ఇదే మందు. ట్రైకోడెర్మా పొడి చల్లితే ఇంకా మేలు." (జీవామృతం అంటే ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి నీళ్లలో కలిపి పులియబెట్టింది. ట్రైకోడెర్మా అంటే తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం.) మా మామే మూడుసార్లు పంపించాడు. నేనూ పశువుల ఎరువు మీద నమ్మకం ఉన్నవాడినే. అందుకే ఈ మెసేజ్ చూస్తే ఒళ్లు మండుతుంది.

"వైరస్‌కూ ఇదే మందు." కాదు. ఆకుముడతను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసేది తెల్లదోమ. మట్టిలో ఏం కలిపినా ఎగిరే దోమ ఆగదు. నారు మీద నైలాన్ వల, పొలం చుట్టూ రెండు మూడు సాళ్లు జొన్నో మొక్కజొన్నో, పసుపు రంగు జిగురు అట్టలు. పని చేసేవి ఇవి. మొక్కకు సోకాక ఏ మందుతోనూ నయం కాదు, పీకెయ్యాల్సిందే.

"పచ్చి పేడ." అసలు నష్టం ఇక్కడ. చెనిక్కాయలో కాండం కుళ్ళు చూసినవాళ్లకు తెలుసు: మొక్క మొదలు దగ్గర తెల్లటి బూజు, దాని మీద ఆవగింజల్లాంటి గుండ్లు. ఆ స్క్లెరోషియం శిలీంధ్రం టమోటానూ వదలదు. సగం కుళ్ళిన ఆకు, చెత్త, పేడ దానికి మంచి మేత. చివకని పేడ తోలితే రోగాన్ని మనమే పెంచినట్టు. వేరు పురుగు కూడా పచ్చి పేడకే చేరుతుంది.

"ట్రైకోడెర్మా పొడి చల్లితే." పొడిని ఎర్రటి ఎండలో ఉత్త మట్టి మీద చల్లితే చాలావరకు వృథా. అది ప్రాణమున్న శిలీంధ్రం, దానికి తేమ, తిండి కావాలి. ఎకరాకు 2 కిలోల పొడిని 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేప పిండిలో కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెలు కప్పి ఓ వారం పది రోజులు పెంచాలి. తరువాత పదునులో చల్లుకోవాలి. అదే వారం శిలీంధ్రనాశిని పోస్తే పెంచినదాన్ని మనమే చంపుకున్నట్టు.

"ఎండు తెగులు వారంలో పోతుంది." మా కయ్యలో ఒక ఏడాది పచ్చగా ఉన్న మొక్కలే మధ్యాహ్నానికి వాడిపోయాయి. నేనూ జీవామృతం పోశాను, సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా. వారంలో మొక్కలే పోయాయి. తరువాత ఒకాయన చెబితే కాండం కోసి గ్లాసు మంచినీళ్లలో ముంచాను. కాసేపటికి పాలలాంటి దారాలు కిందకు జారాయి. అంటే బాక్టీరియా. అది కాలువ నీళ్లతో పక్క సాళ్లకు పోతుంది. మొక్కను పీకి, ఆ మడికి నీళ్లు కట్టడం ఆపాలి. వచ్చే పంటగా వంకాయ, మిరప, ఉర్లగడ్డ కాకుండా రాగో, మొక్కజొన్నో, వరో వేసుకోవాలి.

మరి వేప పిండి దండగా? కాదు. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు దానివల్ల తగ్గుతాయి. కానీ ఆఖరి దుక్కిలో, రోగం రాకముందు వేస్తేనే. ఎకరాకు ఓ 100 కిలోలు చాలు, పది బస్తాలు అమ్మేవాడి లెక్క.

మామ ట్రాక్టర్ పేడ తోలించేశాడు. ఇంకా గట్టు మీదే ఉంది. కయ్యలోకి లాగొద్దని చెప్పి, నీడకు కుప్ప వేయించాం.