నోట్లో నీళ్లు, కాంటా మీద బస్తా

కొన్నేళ్లుగా రంజాన్ నెల మిర్చి సీజన్‌లోనే వస్తోంది. చంద్రుణ్ణి బట్టి వచ్చే నెల కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, ఇంకొన్నేళ్లకు నిండు చలికాలంలో పడుతుంది. అందాకా వరంగల్ వైపు యార్డుల్లో పనిచేసే ముస్లింలు మిర్చి ఘాటులోనే రోజా ఉండాలి. రోజా ఉంటూ తూకంలో తరుగు కోసేవాడి ఉపవాసానికి విలువ ఉందా అన్న వాదన ఈ రోజుల్లోనే గట్టిగా వినిపిస్తుంది. రంజాన్ రాత్రుళ్లు నిలబడి ఖురాన్ వినే తరావీహ్ నమాజు అయ్యాక మండిబజార్‌లో చాయ్ తాగుతూ ఇద్దరు దాని మీద తగువు పడుతున్నట్టు రాస్తున్నాను. ఒకరు అరవై దాటిన దడ్వాయి, యార్డులో కాంటా వేసే మనిషి. ఇంకొకరు అడ్తి (కమీషన్) దుకాణంలో తక్‌పట్టీలు, అంటే రైతు సరుకు తూకం లెక్క చీటీలు, రాసే గుమస్తా. మనుషులు కల్పితమే గానీ ప్రశ్న నిజమైనది.

గుమస్తా: చాచా, మీకు కోపం వచ్చినా సరే, చెప్పేస్తా. ఈ ఏడాది మిగతా రోజాలు మానేద్దామనుకుంటున్నా.

దడ్వాయి: ఒంట్లో బాగాలేదా?

గుమస్తా: ఒంటికేం లేదు. మనసొప్పుతలేదు. మా సేటు ముప్పై రోజాలూ ఉంటాడు. హమాలీలందరికీ ఇఫ్తార్‌కు ఖర్జూరాలు పంచుతాడు. పొద్దున్నే నా పక్కన నిలబడి, బస్తాకు కిలో తగ్గించి రాయమంటాడు. తేమ ఉంది, తాలు ఉంది అని ఏదో ఒక సాకు. ఆ రైతు ఏమీ అనలేక నా మొహం చూస్తాడు. నేను రాస్తా. ఆ చేత్తోనే సాయంత్రం ఖర్జూరం అందుకుంటా. ఇదేం ఉపవాసం చాచా?

దడ్వాయి: కాంటా దగ్గర జరిగింది తప్పు. ఉపవాసం ఏం తప్పు చేసింది? అల్లా చెప్పినవాటిలో ఒకటి చేస్తున్నావు, ఒకటి తప్పుతున్నావు. చేసేది కూడా మానేస్తే రెండూ తప్పినట్టే కదా.

గుమస్తా: అబద్ధం చెప్పడం, దాని ప్రకారం నడవడం మానుకోనివాడు అన్నపానాలు మానుకోవాల్సిన అవసరం అల్లాకు లేదని ప్రవక్తగారే చెప్పారు. బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. నాది కాదు ఆ మాట.

దడ్వాయి: ఆ హదీసు నేనూ విన్నా బేటా. అబద్ధం మానుకో అని చెప్పడానికి ఆ మాటన్నారు. నువ్వేమో రోజా మానుకో అని చదువుతున్నావు.

(ఈ హదీసును ఎదుటివాడి ఉపవాసాన్ని తూచడానికి వాడేవాళ్లు ఎక్కువ. నాకది నచ్చదు. కానీ ఈ కుర్రాడు దాన్ని తన మీదే ప్రయోగించుకుంటున్నాడు కాబట్టి తేలిగ్గా కొట్టిపారేయలేను.)

గుమస్తా: సరే, ఈ ఒక్క నెల భక్తి సంగతి? ఇప్పుడు మసీదులో కాలు పెట్ట జాగా లేదు. పండుగ దాటిన వారానికి తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఒక్క వరుస నిండదు. కొంచెమైనా సరే, విడవకుండా చేసే పనే అల్లాకు ఎక్కువ ఇష్టమని ప్రవక్తగారి భార్య ఆయిషాగారు చెప్పిన హదీసు ఉంది. మనది పదకొండు నెలల మరుపు, ఒక నెల హడావుడి.

దడ్వాయి: ఒక నెలైనా వస్తున్నారు కదా, రానీ. రోజా ఎందుకు పెట్టారో ముందు చూడు. హిజ్రీ రెండో ఏట విధి అయింది. ఖురాన్‌లో సూరా బఖరా 183వ వాక్యంలోనే కారణం ఉంది, మీలో భయభక్తులు పెరగాలని. ఆకలి తెలియాలని మాత్రమే కాదు. మధ్యాహ్నం జుహర్ నమాజుకు ముందు నోరు, మొహం, కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేస్తావు. పొద్దుటి నుంచి మిర్చి దుమ్ము పీల్చి గొంతు మండుతుంటుంది. దుమ్ము దానంతటది లోపలికి పోతే రోజా పోదులే, కానీ మంట మంటే. నోట్లో నీళ్లు పోసుకుంటావు. చల్లగా ఉంటాయి. పుక్కిలించి ఊసేస్తావు. ఒక్క గుటక మింగితే ఎవరికి తెలుస్తుంది? పక్కనున్నవాడికి కూడా తెలియదు. అయినా మింగవు. ఎందుకు?

గుమస్తా: ఆయన చూస్తున్నాడని.

దడ్వాయి: అది నేర్పడానికే ఈ నెల.

గుమస్తా: నేను అడిగేదీ అదే చాచా! నోట్లో నీళ్లను చూసేవాడు కాంటా మీద బస్తాను చూడడా? నీళ్ల దగ్గర అంత భయం, కిలో మిర్చి దగ్గర ఏమైపోతుంది? తూకం మీద ఏకంగా ఒక సూరానే ఉంది, ముతఫ్ఫిఫీన్. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు వినాశనం అని మొదలవుతుంది. మద్యన్ ప్రజలకు షుఐబ్ ప్రవక్త కొలతలు, తూకాలు సరిగ్గా ఉంచమని ఎంత చెప్పినా వినలేదు, నాశనమయ్యారు. మనం తరావీహ్‌లో ఇవన్నీ నిలబడి వింటాం. తెల్లారి యార్డుకు పోతాం.

దడ్వాయి: (కాసేపు ఆగి) దీనికి నా దగ్గర జవాబు లేదు. నువ్వన్నది నిజం.

గుమస్తా: అందుకే మానేస్తానంటున్నా. సిగ్గుగా ఉంది.

దడ్వాయి: సిగ్గు మంచిదే, దాన్ని తప్పుడు చోట ఖర్చు పెడుతున్నావు. రోగికి, బాటసారికి తరువాత ఉండమని సడలింపు ఉంది. ఉండలేని ముసలివాళ్లు రోజాకు ఒక పేద చొప్పున అన్నం పెడితే చాలు. హమాలీకి ఎండలో ప్రాణం మీదికొస్తే విప్పి, తరువాత బదులు రోజా ఉండి ఖజా తీర్చుకోవచ్చు. తూకం తక్కువ రాసినవాడికి మాత్రం రోజా మాఫీ అని ఎక్కడా లేదు. మానేస్తే ఏమవుతుందో చెప్పనా? ఇప్పుడు కనీసం సాయంత్రం ఖర్జూరం పట్టుకున్నప్పుడు చెయ్యి వణుకుతోంది. రోజా లేకపోతే అదీ ఉండదు. హాయిగా రాస్తావు.

(దడ్వాయి చెప్పిన మాటల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదే. తప్పు చేసేవాణ్ణి ఆరాధనకు దూరం చేస్తే మంచివాడవుతాడని నేను నమ్మను.)

గుమస్తా: వణికి ఏం లాభం? దివాలా తీసినవాడి హదీసు గుర్తుందా? ప్రళయదినాన నమాజులు, రోజాలు, జకాతు అన్నీ పట్టుకుని వస్తాడు. ఒకణ్ణి తిట్టాడు, ఒకడి సొమ్ము తిన్నాడు. వాళ్లంతా వచ్చి ఇతని పుణ్యాలు తీసుకుపోతారు. అవి అయిపోతే వాళ్ల పాపాలు ఇతని మీద పడతాయి. నా ముప్పై రోజాలు పర్వతగిరి రైతుకో నర్సంపేట రైతుకో పోతాయి.

దడ్వాయి: అయితే బాకీ ఇక్కడే తీర్చు. మనిషి హక్కు మనిషికి తిరిగి ఇవ్వనిదే పశ్చాత్తాపం, తౌబా, పూర్తి కాదు. రోజా మానేస్తే ఆ రైతుకు ఒక్క రూపాయి ముడుతుందా?

గుమస్తా: ఎవరికి ఎంత కోశామో ఎవరికి గుర్తు?

దడ్వాయి: తక్‌పట్టీ నకళ్లు నీ దగ్గరే కదా ఉండేవి?

గుమస్తా: ...ఉన్నాయి. పేరు, ఊరు, బస్తాలు, అన్నీ.

దడ్వాయి: మరి గుర్తు లేదంటావేం? పాతవి మెల్లగా చూద్దాం. రేపటి సంగతి చెప్తా విను. కాంటా వేసేది నేను. ఇన్నాళ్లు అంకె నీకు మాత్రమే వినబడేలా చెప్పా. నాకూ అందులో వాటా ఉంది. రేపు గట్టిగా చదువుతా, రైతు చెవిన పడేలా. నువ్వు విన్నదే రాయి.

గుమస్తా: సేటు ఊరుకోడు చాచా. మీకు ఈ వయసులో ఇంకో యార్డు దొరుకుతుందా?

దడ్వాయి: దొరక్కపోవచ్చు. నువ్వు రాస్తావా రాయవా?

గుమస్తా: మీరు చదివితే రాస్తా. కానీ మీరన్నదాంట్లో సగమే ఒప్పుకుంటున్నా. ఆ తక్‌పట్టీలు తీర్చనంత వరకు నా రోజా సరిపోయిందని మాత్రం నాకు చెప్పకండి.

దడ్వాయి: చెప్పను. సరిపోయిందో లేదో చెప్పేవాణ్ణి నేను కాదు. తెల్లారకముందే తినడానికి, సహరీకి మాత్రం లే.