ఎప్పుడు తినాలో తెలిసిన ఆకలి వేరు

ఉపవాసాల మీద నేను చదివిన ఒక వ్యాసంలో, ఉపవాసముంటే మనసు దానంతటదే ప్రశాంతమవుతుందని రాశారు. నేను సగమే ఒప్పుకుంటాను. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది యువకులు తమంతట తామే ముందుకొచ్చి 24 వారాలు అరకొర తిండితో గడిపారు. ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త చేసిన ఆ ప్రయోగంలో వాళ్లకు శాంతి సంగతి అటుంచి, చిరాకు, దిగులు పట్టుకున్నాయి. కొందరైతే వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు, కంచాలు నాకేవాళ్లు.

మా విజయవాడలో కార్తీక సోమవారాలు చూడండి. మా అత్తగారు సాయంత్రం నాలుగింటి దాకా వత్తులు చేసుకుంటూ హుషారుగానే ఉంటారు. ఆ తర్వాత ఫోన్లో గుత్తివంకాయ వీడియోలు మొదలు! కదిపితే కసురుతారు. అయినా నక్షత్ర దర్శనం అయ్యేదాకా ఏమీ ముట్టరు. ఎప్పుడు తినొచ్చో ఆవిడకు తెలుసు, పక్కింటావిడ కూడా పస్తే. రంజాన్ నెలలో వన్‌టౌన్ స్నేహితులు చెప్పేదీ దాదాపు ఇదే.

ఒంట్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను రోజూ తినే వేళకు పెరిగి, తినకపోయినా కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపూ ఓర్చుకుంటే ఏదో గెలిచినట్టుంటుంది. నాకు భయం వేసేది అక్కడే. సన్నబడాలని టిఫిన్ మానేసే ఇంటర్ పిల్లలకూ అదే గెలుపు రుచి తగులుతుంది, కానీ వాళ్ల పస్తుకు ముగింపు వేళంటూ లేదు. పైగా ఇంట్లో వాళ్లు "ఎంత కంట్రోలో" అని మెచ్చుకుంటారు. దాని గురించి ఆ వ్యాసంలో ఒక్క ముక్కైనా ఉండాల్సింది.