రేవు దాటని 108

కోనసీమ లంకల్లోని రోగులు వేళకు ఆసుపత్రికి చేరడం లేదు. మండలానికి రెండో 108 బండి ఇవ్వమని పంచాయతీ తరఫున తీర్మానం రాస్తున్నారు బాబాయ్. అందులో రేవు సంగతి ముందు రాయాలంటాడు అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన అబ్బాయి.

బాబాయ్: 2005 ఆగస్టు 15న 108 మొదలైన దగ్గర్నుంచి ఎన్ని ప్రాణాలు నిలిచాయిరా! ఇప్పుడు ఫోన్ చేస్తే బండి వేరే కేసు మీద వెళ్లిందంటున్నారు. రెండోది ఉంటే ఆ మాట పడక్కర్లేదు.

అబ్బాయి: ఏటిగట్టుకు ఇవతలి ఊళ్లకు పడక్కర్లేదండి. లంకలో వాడికి రెండు బండ్లొచ్చినా రెండూ గట్టు మీదే ఆగుతాయి. రాత్రి పదకొండింటికి కట్లపాము కరిచిందనుకోండి. కాటు దగ్గర నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, తెల్లారాక చూద్దాంలే అనుకుంటారు. ఇంతలో కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, ఊపిరి సన్నగిల్లుతుంది. అప్పుడు ఫోను. బండి గట్టు మీదికొచ్చాక పడవ కోసం వెతుకులాట. కాల్ వచ్చిన నిమిషంలోనే కంట్రోల్ రూమ్ వాళ్లు బండికీ, పడవ నడిపే సరంగుకీ కలిపి చెప్పాలి. ఈఎమ్‌టీ, అంటే బండిలో ఉండే అత్యవసర వైద్య సహాయకుడు, గట్టు మీద కాచుక్కూర్చోకుండా పడవెక్కి అవతలికి వెళ్లాలి. కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టాలి, బిగించి తాడు కట్టకూడదు. ఊపిరి ఆగితే, చేత్తో నొక్కి గాలి అందించే ఆంబూ బ్యాగు ఐదారు సెకన్లకోసారి నొక్కుతూ తీసుకురావాలి. బండిలోని పెద్ద ఆక్సిజన్ సిలిండర్, డి రకం, పడవలోకి దిగదు. 1,500 లీటర్ల చిన్న బి రకం సిలిండర్ చాలు, నిమిషానికి 10 లీటర్లు వదిలినా రెండున్నర గంటలొస్తుంది. దాన్ని తిప్పి తెరిచే తాళంచెవి సిలిండర్‌కే గొలుసుతో కట్టి ఉండాలి. బండిలో మరిచిపోతే ఏటి మధ్యలో అది ఉత్త ఇనుపముక్క. చక్రాల స్ట్రెచర్ రేవు ఇసుకలో దిగబడిపోతుంది, నలుగురు మోసే స్కూప్ స్ట్రెచర్ కావాలి.

బాబాయ్: ఆ స్ట్రెచర్‌కి పట్టీలు బిగించి పడవెక్కిస్తావు. పడవ బోల్తా కొడితే మనిషి ఈదగలడా?

అబ్బాయి: లేడండి. పడవెక్కాక పట్టీలు విప్పేసి, లైఫ్ జాకెట్ వేసి, చెరోపక్కా ఒకరు కూర్చోవాలి. అయినా వరదలో ఆ ప్రమాదం పోదు. అందుకే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి వరద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులప్పుడే, ఆశా కార్యకర్త దగ్గర జాబితా తీసుకుని నెలలు నిండినవాళ్లనీ డయాలసిస్ వాళ్లనీ గట్టు దాటించెయ్యాలి. రెండో హెచ్చరిక 13 లక్షలకి. అందాకా ఆగకూడదు.

బాబాయ్: దాటించి? దగ్గర ఆసుపత్రికెళ్తే కాకినాడ పొమ్మంటారు. నేరుగా కాకినాడే పోతే పోలా!

అబ్బాయి: పాముకాటుకి వద్దు. విరుగుడు మందు మొదటి 10 వయల్స్ దగ్గర్లోనే ఎక్కించాలి, పెద్దాసుపత్రి ఆ తర్వాత.

బాబాయ్: మందుంటే కదా!

అబ్బాయి: బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగాలి. మందుందా, డాక్టరుగారున్నారా, వెంటిలేటర్ ఖాళీగా ఉందా అని.

బాబాయ్: ఫోన్లో ఉందంటారు, వెళ్లాక అయిపోయిందంటారు. అది వదిలెయ్. రేవుని వేలంపాటలో పాడుకున్నవాడు చీకటి పడితే పడవ కట్టేస్తాడు. అర్ధరాత్రి నీ సరంగు ఎందుకు లేస్తాడు?

అబ్బాయి: రాత్రి కూడా పడవ నడపాలని వేలంపాట షరతుల్లోనే రాయించాలి. షరతొక్కటే చాలదు, రాత్రి కాపలా ఉన్నందుకు నెల జీతం, దాటించిన ప్రతిసారీ విడిగా కూలి ఇవ్వాలి. వారానికోసారి ఇంజను తిప్పి చూడాలి, లేకపోతే అవసరానికి మొరాయిస్తుంది.

బాబాయ్: ఆ జీతం ఏ పద్దులోంచో తేల్చుకురా, తీర్మానంలో బండి కింద అదీ రాస్తాను. రేవు ముందు, బండి తర్వాత అంటే మాత్రం సంతకం పెట్టను.