సర్పంచ్‌ను గెలిపించినం సరే, గ్రామసభకు ఎవలు పోవాలె?

2025 డిసెంబర్‌ల మన తెలంగాణల సర్పంచ్ ఎన్నికలైనయి. 11, 14, 17 తారీకులల్ల, మూడు విడతలు. పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 1 దాకనే పోలింగ్ అయినా 80 శాతం దాటింది. హైదరాబాద్ నుంచి, భీవండి నుంచి, సూరత్ నుంచి మనోళ్లు బండ్లు మాట్లాడుకొని వచ్చి మరీ ఓటేసి పోయిండ్రు. ఫోన్ తెరిస్తే సిరా వేలు స్టేటస్‌లే. కింద ఒక లైను: "నా బాధ్యత నేను నెరవేర్చిన, మరి మీరు?"

ఆ లైను చూస్తే నాకు ఒళ్లు మండుతది. ఓటు వెయ్యొద్దంటలేను, వెయ్యాలె. కని అయిదేండ్లకోసారి లైన్ల నిలబడి మీట నొక్కో, ముద్ర గుద్దో వస్తే బాధ్యత ఒడిసిపోయిందనుకునుడు ఏందో నాకర్థం కాదు. గెలిచినోడు అయిదేండ్లు పని చెయ్యాలె, గెలిపించినోడు మాత్రం సాయంత్రం డీజే కాడ ఎగిరి ఇంటికి పోవాలె. ఇది ఎక్కడి లెక్క?

ఇంకో రకపోళ్లు ఉన్నరు. జనవరి 26 రాంగనే జెండా కింద మైకు పట్టుకొని "హక్కులే కాదు, బాధ్యతలు కూడా తెల్సుకోవాలె" అని చెప్పేటోళ్లు. ఆ బాధ్యతలు రాజ్యాంగంల ఎప్పుడు చేరినయో వాళ్లెవ్వరు చెప్పంగ నేనైతే వినలే. 1950ల రాజ్యాంగం అమలుకొచ్చినప్పుడు అవి లేవు. 1976ల, ఎమర్జెన్సీ నడిమిట్ల, స్వరణ్ సింగ్ కమిటీ చెప్పిందని 42వ సవరణతోని 51ఎ అధికరణం పెట్టిండ్రు. ప్రతిపక్షపోళ్లు జైళ్లల్ల ఉన్నరు, పత్రికల మీద సెన్సార్ ఉన్నది. హక్కులు అటకెక్కించిన రోజులల్ల జనానికి బాధ్యతలు నేర్పిండ్రన్నట్టు. అందుకే పైనున్నోడు "మీ బాధ్యత, మీ బాధ్యత" అని ఒకటే తీరుగ చెప్తుంటే నాకు జెర అనుమానమొస్తది.

అయినా ఆ జాబితా ఒకసారి చదవాలె. అప్పుడు 10 ఉండె, 2002ల 86వ సవరణతోని 11వది కలిసింది: ఆరు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలను చదివించాలె అని. ఓటెయ్యాలె అని అందుల లేదు. పన్ను కట్టాలె అని కూడ లేదు, కమిటీ చెప్పింది గని సర్కారు తీసుకోలే. ఉన్నదేందంటే అడవులు, చెరువులు, నదులు కాపాడాలె, నలుగురి ఆస్తి పాడు చెయ్యొద్దు, శాస్త్రీయంగ ఆలోచించాలె, మన ఉమ్మడి సంస్కృతిని నిలుపుకోవాలె. ఇవి చెయ్యలేదని నేరుగ ఎవల మీద కోర్టుకు పోరాదు. మన బుద్ధి మీద ఇడిసిపెట్టిండ్రు. మన బుద్ధి ఎట్లున్నదో చెరువుల దిక్కు చూస్తే తెలుస్తది.

2020 ఆగస్టుల, మల్ల 2023 జులైల హన్మకొండల ఏమైందో యాదికున్నదా? నయీంనగర్ నాలా పొంగింది, బొందివాగు హంటర్ రోడ్డు మీదికొచ్చింది, కాలనీలల్ల జనాన్ని పడవలల్ల తెచ్చిండ్రు. కార్పొరేషన్‌ను అందరం తిట్టినం, తిట్టుడు తప్పు కాదు. చెరువు శిఖంల ఇండ్లకు పర్మిషన్ ఇచ్చినోళ్లను ఇంకా తిట్టాలె. కని నాలాలల్ల పాత పరుపులు, కొబ్బరి బోండాలు, ఇల్లు కూలగొట్టిన మట్టి ఏసిందెవలు? వాన తగ్గిన వారానికి అదే తాన మల్ల చెత్త కవర్లు చూసిన, బండి ఆపకుంటనే ఇసిరేసి పోయేటోళ్లను చూసిన. 2019 మున్సిపల్ చట్టంల ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలు రాసిండ్రు: యువకులకొకటి, ఆడోళ్లకొకటి, వయసు మీదపడ్డోళ్లకొకటి, ప్రముఖులకొకటి, ఒక్కోదాంట్ల 15 మంది. వరంగల్‌ల 66 డివిజన్లు. మీ డివిజన్ కమిటీల ఎవలున్నరో పేర్లు చెప్పుండ్రి చూద్దాం. నేను మా గల్లీల అడిగితే "కమిటీనా? గణపతి కమిటీనా?" అన్నరు.

ఇగ ఊర్ల ముచ్చట. 2018 పంచాయతిరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలె. ఎట్ల జరుగుతదో తెల్సినోళ్లకు తెలుసు. పంచాయతి ఆఫీసు ముందర నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఎనుక బ్యానర్. ఫొటో దిగేదాకనే సభ. తర్వాత కారోబార్, అంటే పంచాయతిల లెక్కలు రాసేటోడు, రిజిస్టర్ చంకల పెట్టుకొని హోటల్ తాన, కిరాణం తాన, కల్లు మండువ తాన తిరిగి సంతకాలు పెట్టించుకుంటడు. పైన ఏం రాసి ఉన్నదో ఒక్కడు సదవడు. వందల మంది హాజరైనట్టు కాయితం తయారు.

మా ఊరు నర్సంపేట దిక్కు, పేరెందుకు గని, ఈ నడుమ అక్కడ ఒక సభకు పోయిన. కార్యదర్శి పిలగాడు ఖర్చుల పద్దు గడగడ చదువుకుంట పోతున్నడు. బ్లీచింగ్ పౌడర్‌కింత, వీధి బల్బులకింత, ట్రాక్టర్ డీజిల్‌కింత. గద్దె అంచుకు ఒక ముసలవ్వ కూసున్నది, పింఛన్ ముచ్చట అడగనీకి వచ్చినట్టున్నది. డీజిల్ కాడ ఆపింది.

"ఆగు బిడ్డా. ట్రాక్టర్ మా వాడకు రాక నెల దాటె. చెత్త మోరీలనే ఉండె. డీజిల్ ఎవలు తాగిండ్రు?"

అందరు నవ్విండ్రు. పిలగాడు మాత్రం నవ్వలే. "ట్రాక్టర్ రిపేరుకు పోయిందవ్వా" అన్నడు.

"రిపేరుల ఉన్న బండికి డీజిల్ ఎట్ల కాలె మల్ల?"

ఇగ నవ్వులు బంద్. ఎవలో లాగ్‌బుక్ తెమ్మన్నరు. తెచ్చిండ్రు. నడుమ రెండు వారాల గళ్లు ఖాళీ. తెల్లారి ట్రాక్టర్ ఆ వాడకు పోయింది. డీజిల్ లెక్క ఇప్పటికీ తేలలే, అది వేరే సంగతి. అదే సభల బీటెక్ చదివిన పిలగాండ్లు అరడజను మంది గోడకానుకొని రీల్స్ చూసుకుంట నిలబడ్డరు. అవ్వ అడిగినప్పుడు వీడియో తీసిండ్రు, అంతే.

ఎందుకడగరంటే, చాలా మందికి అడిగే నోరు పోలింగ్ ముందటి రాత్రే పోయింది. ఓటుకింత అని కవర్ తీసుకున్నంక ఏం మొహం పెట్టుకొని అడుగుతం? ఇచ్చినోడికే కాదు, తీసుకున్నోడికి కూడా ఏడాది దాకా జైలు ఉన్నది చట్టంల. "అందరిస్తుండ్రు, నేనొక్కన్ని వద్దంటే ఏమైతది" అనే మాట ప్రతి ఎలక్షన్‌ల వింటం. కొన్ని ఊర్లల్లనైతే ఏకంగ సర్పంచ్ పదవికే వేలం పాట. గుడికి ఇన్ని లక్షలిస్తే ఏకగ్రీవమట. గుడి పేరు చెప్పంగనే అందరు చేతులు జోడిస్తరు, ఊరు అమ్ముడుపోయిందని ఎవలకూ అనిపియ్యదు. ఆ పైసలు ఆయన యాడికెళ్లి తీస్తడో లెక్క చెయ్యనీకి పెద్ద చదువు అక్కరలేదు.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేండ్లు మన ఊర్లకు సర్పంచ్‌లే లేరు. ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం పైసలు ఆగినయి. మాజీ సర్పంచ్‌లు వాళ్ల బిల్లుల కోసం ధర్నా చేసిండ్రు, పాపం వాళ్ల బాధ వాళ్లది. "మా పంచాయతికి ఎన్నికలేవి?" అని ఊరోళ్లు రోడ్డెక్కంగ నేను చూడలే. 2011ల సకల జనుల సమ్మెల 42 రోజులు బస్సులు, బడులు, ఆఫీసులు బంద్ పెట్టి, రోడ్ల మీద వంటా వార్పూ చేసిన జిల్లా ఇది. రాష్ట్రం కోసం అంత చేసినోళ్లం మోరీ కోసం గంట సేపు కూసోలేమా?

గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఉండనే ఉన్నది. ఊరు శుభ్రంగ ఉంచుకున్నందుకు 2007ల కేంద్రం నుంచి నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చిన ఊరు. ఒక్కో పనికి ఒక్కో కమిటీ, అందుల కూసునేది ఊరోళ్లే. ఇంటిపన్ను నూటికి నూరు కడతరని పేరు. పన్ను కట్టినోడికి లెక్క అడిగే దమ్ముంటది, అసలు కిటుకు ఆడనే ఉన్నది. మనమేమో బస్సుల పోయి ఊరు చూసి, సెల్ఫీ దిగి, తిరిగొచ్చి మన ఇంటిపన్ను బకాయి మీద మాఫీ ఎప్పుడిస్తరా అని చూస్తం.

"ఇదంతా చెప్పనీకి బాగనే ఉంటది, అడిగితే ఇందిరమ్మ ఇల్లు రాదు, పింఛన్‌ల కొర్రీ పెడతరు" అని మా చిన్నాయన అంటడు. ఆయన భయం ఉత్తదంటే నేను ఒప్పుకోను. ఊర్ల ఒక్కడు అడిగితే వాన్ని పక్కకు పెట్టుడు అల్కగనే అయితది. హన్మకొండ కాళోజీ ఎమర్జెన్సీ కాలపు ముఖ్యమంత్రి వెంగళరావు మీద సత్తుపల్లికి పోయి నిలబడి ఓడిపోయిండు. అంత గుండె అందరికుండది, ఉండాలని అడుగుడు కూడా అన్యాయమే. అందుకే ఒక్కరు పోవద్దు. పొదుపు సంఘం ఆడోళ్లు పది మంది కలిసి పోతే ఎవలి పింఛన్ ఆపుతరు? సోమవారం ఆఫీసర్లు దరఖాస్తులు తీసుకునే ప్రజావాణికి ఎట్లాగూ పోతుండ్రు కదా. ఎవలి దరఖాస్తు వాళ్లదే, వాడ మొత్తం తరఫున ఒక్క కాయితం కూడా ఉండది.

సభల అడగనీకి నోరు రాకుంటే సమాచార హక్కు కింద రాసియ్యుండ్రి. తెల్లకాయితం చాలు. గ్రామ పంచాయతిల ఇస్తే ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లా ఆఫీసుల 10. జవాబుకు 30 రోజులు గడువు. పెద్ద పెద్ద ప్రశ్నలు వద్దు. పోయిన ఏడాది క్యాష్‌బుక్ నకలు, ట్రాక్టర్ లాగ్‌బుక్ నకలు, గ్రామసభ తీర్మానాల రిజిస్టర్ నకలు, మూడే అడగుండ్రి. మా ఊరిది నేను రాసి పెట్టిన, నలుగురు సంతకం చేసిండ్రు, చిన్నాయన ఇంకా ఆలోచిస్తున్నడు. గోడకానుకున్న పిలగాండ్లల్ల ఇద్దరు కూడా పెడతమన్నరు, సోమవారం వస్తరో రారో చూడాలె.